క్యాబేజీ తిన్న కుందేళ్లు

రండర్రా, ఇలా అరుగెక్కి కూర్చోండి. మీ అమ్మమ్మ క్యాబేజీ తరుగుతోంది, ఓ ముక్క అందుకుని నలిపి వాసన చూడండి. సన్నటి ఘాటు తగిలిందా? ఇది ఆవాల వంశం. పొడి ఆవపిండి నోరెత్తకుండా పడుంటుంది, నీళ్లు తగిలాయో, ముక్కు పట్టుకుంటుంది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టినప్పుడు మీరు గుడ్ల నీళ్లు తిప్పుకునేది అందుకే. గింజలో ఓ గంధక పదార్థం, ఓ ఎంజైమ్ వేరువేరుగా ఉంటాయి. నలిగి తడిస్తే రెండూ కలిసి ఆ ఘాటు పుడుతుంది.

ఇప్పుడు కుందేళ్ల సంగతి. అమెరికాలో బాల్టిమోర్‌ అని ఓ ఊరుంది. అక్కడి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చెస్నీ అనే ఆయన, ఆయన తోటివాళ్లు వేరే ఏదో జబ్బు గురించి తెలుసుకుందామని కుందేళ్లను పెంచుతుంటే, వాటి మెడలు ఉబ్బడం మొదలెట్టాయి. ఎందుకా అని ఆరా తీస్తే, రోజూ వేసే మేత క్యాబేజీ! 1928లో ఈ సంగతి అచ్చువేశారు. తర్వాత న్యూజీలాండులో ఆవజాతి గింజలు తిన్న ఎలుకలకీ ఇదే తంతు.

ఆ ఉబ్బింది థైరాయిడ్ గ్రంథి. మెడలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి, ఒంట్లో మంట ఎంతుండాలో చూసుకునే వంటమనిషన్నమాట. ఉప్పులోంచో, చేపల్లోంచో వచ్చిన అయోడిన్‌ను పట్టి థైరాక్సిన్ తయారుచేస్తుంది. ఒక్కో అణువుకి నాలుగు అయోడిన్‌లు. ఈ వంటమనిషి మంట పెద్దది పెట్టేసిందనుకోండి, ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు, గుండె దడ, చేతులు వణుకు, అందరూ దుప్పటి కప్పుకుంటే తనకి ఫ్యాను కావాలి. కొందరికి కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తాయి. 1835లో డబ్లిన్ డాక్టరు గ్రేవ్స్ రాసిన జబ్బు ఈ కోవలోదే.

క్యాబేజీ, ఆవాల్లోని గంధక పదార్థాలు ఏం చేస్తాయంటే, అయోడిన్‌ను అతికించే ఎంజైమ్‌కి అడ్డం పడతాయి. అయితే మంట ఎక్కువైనవాళ్లకి ఇలాంటిదే ఇస్తే? 1943లో బోస్టన్‌లో ఆస్ట్‌వుడ్ అనే డాక్టరు గంధకమున్న థయోయూరియా, థయోయురాసిల్ ఇచ్చి చూశారు, పనిచేసింది. ఇవాళ మందుల కొట్లో దొరికే కార్బిమజోల్ వాటి చుట్టమే. 1949లో అదే ఆస్ట్‌వుడ్ బృందం టర్నిప్ జాతి దుంపల్లోంచి గోయిట్రిన్ అనే పదార్థాన్ని బయటికి తీసింది. చూశారా, మందుకీ కూరకీ బంధుత్వం!

అందుకే మా వీధిలో ఒకావిడ మాత్రలు మానేసి క్యాబేజీ రసం తాగుతానంటే నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఉడికిస్తే క్యాబేజీలో ఘాటు పుట్టించే ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. పచ్చిగా తిన్నా, ఏ పువ్వులో ఎంతుందో ఎవరికి తెలుసు? మాత్రకైతే లెక్కుంది, నెత్తురు పరీక్ష చూసి తగ్గిస్తారు, పెంచుతారు. సజ్జల కథా అంతే. సూడాన్‌లో డార్ఫుర్ ప్రాంతంలో సజ్జలే ముఖ్యమైన తిండి, అక్కడ గాయిటర్, అంటే థైరాయిడ్ ఉబ్బి వచ్చే మెడ వాపు, ఎక్కువని పరిశోధించి, సజ్జల్లోని విటెక్సిన్ థైరాయిడ్‌లో అయోడిన్‌ను అతికించే ఎంజైమ్‌ను అణచగలదని తేల్చారు. అలాగని సజ్జరొట్టె మందైపోదు, మీరు హాయిగా తినండి.

కాస్త సాయం చేసేవి లేకపోలేదు. మాంసంలోనూ పాలలోనూ ఉండే కార్నిటైన్‌ను 2001లో ఇటలీలో థైరాక్సిన్ ఎక్కువ తీసుకుంటున్న ఆడవాళ్లకు ఇచ్చి చూస్తే, దడ, వణుకు లాంటివి తగ్గాయి. 2011లో సెలీనియం, గ్రేవ్స్ జబ్బులో కంటి ఇబ్బంది ముదరనివాళ్లకు మేలు చేసిందని తేలింది. రెండూ గ్రంథిని అదుపు చేసేవి కావు, పక్కన నిలబడేవి. అశ్వగంధ మాత్రం ఇంకో దారి, కొందరిలో థైరాయిడ్ హార్మోను పెంచుతుంది, మంట ఎక్కువైనవాళ్ల ఒంటికి అసలు పడదు. సముద్రపు నాచు పొడుల్లో అయోడిన్ మోతాదు మించి ఉండొచ్చు, వాటి జోలికీ వెళ్లొద్దు.

మీ ఇంట్లో ఎవరైనా కార్బిమజోల్ వేసుకుంటుంటే ఇది తప్పకుండా చెప్పండి: జ్వరం, గొంతునొప్పి వస్తే చిన్న జలుబే కదా అనుకోకుండా, మాత్ర ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికెళ్లి తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలి. అరుదే గానీ, ఆ మందు వాటిని ఉన్నట్టుండి పడగొట్టగలదు.