ఊపిరి విడువలేని ట్రక్కు

అమెరికాలో 1975 నమూనాలనుండి మోటారు బండ్లలో పెక్కింటికి పొగగొట్టమునందు ఉత్ప్రేరక పాత్రను అమర్చుచున్నారు. పికప్ ట్రక్కులకును ఇది కలదు. లోపల తేనెపట్టువంటి పింగాణి దిమ్మె, దానిపై ప్లాటినమ్ మొదలగు లోహముల పూత ఉండును. ప్లగ్గు సరిగా రగుల్చనిచో, కాలని పెట్రోలు ఈ పాత్రలో మండి దిమ్మెను కరగించును, కన్నములు పూడును. అంతట ట్రక్కు మిట్ట ఎక్కలేక రొప్పును.

విచిత్రమేమన, వెనుక ద్వారము మూసికొన్న సంగతిని ముందు ద్వారమే చెప్పును! గాలి పీల్చు గొట్టమునకు శూన్యమాపకమును తగిలింపుడు. ఊరక తిరుగు ఇంజనులో ముల్లు సాధారణముగా 18 అంగుళముల పాదరసమునకు దాపున నిలుచును. వేగమును నిమిషమునకు 2,500 చుట్లకు పెంచి అట్లే ఉంచుడు. మంచి ఇంజనులో ముల్లు ఒకసారి పడి, లేచి, స్థిరపడును. పూడిక ఉన్నచో మెల్లమెల్లగా దిగజారుచునే యుండును. పోవలసిన పొగ సిలిండరులో మిగిలి క్రొత్తగాలికి చోటీయదు.

ఈ పాత్ర చవుక వస్తువు కాదు సుమా! ప్లగ్గును బాగుచేయక పాత్రను మాత్రము మార్చినచో క్రొత్తదియు కరగును.