పాలమూరు, నల్లగొండ బడుల్లో ఇంగ్లీషు: ఏ పద్ధతి, ఎవరి పిల్లలకు?

భాషాబోధన గ్రంథాలు ఇంగ్లీషును మన పిల్లలకు ద్వితీయ భాషగా లెక్కగడతాయి గానీ, తెలంగాణ పదో తరగతి పాఠ్యప్రణాళికలో తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ భాష, ఇంగ్లీషు తృతీయ భాష. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టప్రాంతంలో ఈ లెక్క కూడా సరిపోదు. దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లవాడికి బడిలోని తెలుగే రెండో భాష కాబట్టి ఇంగ్లీషు నాలుగో స్థానానికి జరుగుతుంది. మక్తల్, నారాయణపేట వైపు కన్నడం, మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ ఇంటిభాషలుగా ఉన్న కుటుంబాలు అనేకం. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు సైతం 'వచ్చిండు', 'పోయిండు' అనే వాడుకతో బడికి వచ్చి, పుస్తకంలోని 'వచ్చాడు', 'వెళ్లాడు' అనే మరో తెలుగును ముందుగా నేర్చుకోవలసి వస్తుంది. బోధన పద్ధతుల మంచిచెడులను ఈ నేపథ్యం పక్కన పెట్టి తూచడం వల్ల ప్రయోజనం తక్కువ.

బడిభాష ఒకటి, ఇంటిభాష మరొకటి కావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం పాలనలో విద్యాబోధన ప్రధానంగా ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనామాధ్యమంగా స్వీకరించి, ఇంగ్లీషును తప్పనిసరి భాషగా ఉంచింది. తెలుగు పిల్లలకు తెలుగులో చదువు కావాలన్నది ఆంధ్రమహాసభ ప్రధానమైన కోరికల్లో ఒకటి. 1930లో జోగిపేటలో జరిగిన ఆ సంస్థ తొలి మహాసభకు సురవరం ప్రతాపరెడ్డి, 1931లో దేవరకొండలో జరిగిన రెండో మహాసభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించగా, వారిద్దరూ పాలమూరు జిల్లా వారే కావడం గమనించదగినది. ఆ తరం కోరుకున్న తెలుగు మాధ్యమాన్ని నేటి తల్లిదండ్రులు వద్దనుకొని ఇంగ్లీషు మాధ్యమం వైపు మొగ్గుతున్నారంటే, అది భాష మీద అనాదరం అనడం కన్నా ఉద్యోగాల మార్కెట్టును సూటిగా చదువుకోవడం అనడమే న్యాయం.

తరగతి గదుల్లో అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచినది వ్యాకరణ-అనువాద పద్ధతి. ఉపాధ్యాయుడు ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పడం, బోర్డు మీద మీనింగులు రాయడం, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రాయించి కంఠస్థం చేయించడం దీని స్వరూపం. దీనికి ప్రత్యామ్నాయంగా గత శతాబ్దం మధ్యలో నిర్మాణాత్మక పద్ధతి ముందుకు వచ్చింది. భాషలోని వాక్యనిర్మాణాలను తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వరుసగా పేర్చి, ఒక్కొక్కదానిని వస్తువు చూపిస్తూ, సందర్భం కల్పిస్తూ పలుమార్లు పలికించడం దాని సూత్రం. కలం ఎత్తి చూపి 'దిస్ ఈజ్ ఎ పెన్' అనిపించే పాఠం అక్కడిదే. 1958లో హైదరాబాదులో నెలకొన్న కేంద్రీయ ఆంగ్ల సంస్థ, అంటే నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రమైంది. అయితే నిర్మాణాత్మక పద్ధతికి ఉపాధ్యాయుడు తానే ధారాళంగా మాట్లాడగలగాలి. ఆ ధారాళత కొరవడిన చోట పేరు మారినా పాఠం మాత్రం పాత అనువాద మార్గంలోనే నడిచింది.

తెలుగు పిల్లలు చేసే తప్పులను వరుసగా పరిశీలిస్తే వాటికొక క్రమం కనిపిస్తుంది. 'నాకు ఇద్దరు అన్నలున్నరు' అనే పిల్లవాడికి 'హ్యావ్' అనే క్రియ అవసరం తోచదు, ఎందుకంటే తెలుగులో కలిగి ఉండడాన్ని సాధారణంగా 'కు' విభక్తితోనే చెబుతారు. 'ఆమె డాక్టరు' అనే వాక్యంలో క్రియ లేదు కనుక 'షీ డాక్టర్' అని రాస్తాడు. 'ఎ', 'ది' వంటి ఉపపదాలు తెలుగులో లేవు కనుక వాటిని వదిలేస్తాడు. హల్లుతో ముగిసే మాటకు 'ఉ' చేర్చి 'బస్సు', 'బుక్కు' అంటాడు. రెండు భాషల నిర్మాణాలను పోల్చి కష్టాలను ముందే ఊహించడాన్ని వ్యతిరేకాత్మక విశ్లేషణ అంటారు. రాబర్ట్ లాడో 1957లో దానిని పుస్తకరూపంలో వివరించాడు. పదేళ్ల తరువాత పిట్ కార్డర్, తప్పులు అజాగ్రత్తకు గుర్తులు కావనీ, అభ్యాసకుడు తన మనసులో కట్టుకుంటున్న భాషానియమాలకు ఆనవాళ్లనీ వాదించాడు. ఎర్రసిరాతో కొట్టివేసిన 'షీ డాక్టర్' పక్కన తెలుగు వాక్యం కూడా రాసి, రెంటి తేడా ఎక్కడుందో పిల్లల చేతనే చెప్పించే ఉపాధ్యాయుడు ఈ సిద్ధాంతాలు చదవకపోయినా వాటినే ఆచరిస్తున్నాడు.

1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టు వ్యాకరణక్రమాన్నే పక్కకు పెట్టింది. రైళ్ల వేళల పట్టిక, ఊరి పటం వంటివి ఇచ్చి, వాటినుంచి ఆలోచించి సమాధానం రాబట్టవలసిన పనులు పిల్లల ముందుంచడం అందులోని ప్రధానాంశం. అర్థం కోసం పెనుగులాడుతున్నప్పుడే వ్యాకరణం లోలోపల కుదురుకుంటుందని ఆయన విశ్వాసం. ముందుగా తరగతి మొత్తంతో ఉపాధ్యాయుడు ఒక పని చేసి చూపి, అటువంటిదే మరొకటి ఒక్కొక్కరిని విడిగా చేయమనడం మన పెద్ద తరగతులకు నప్పే ఏర్పాటు. 1990లో ప్రభు రాసిన వ్యాసం అత్యుత్తమ పద్ధతి అంటూ ఒకటి లేదని వాదిస్తూ, తాను చేస్తున్నది పిల్లలకు ఉపయోగపడుతోందన్న ఉపాధ్యాయుని సజీవమైన నమ్మకానికే పెద్దపీట వేసింది.

2012 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఆపై తెలంగాణలోనూ వచ్చిన పాఠ్యపుస్తకాలు కేరళకు చెందిన భాషావేత్త కె.ఎన్. ఆనందన్ ప్రతిపాదించిన సంవాద కేంద్రిత బోధనను అనుసరించాయి. సంవాదం అంటే ఇక్కడ సంభాషణ మాత్రమే కాదు. వర్ణన, ఉత్తరం, డైరీ, వార్తాకథనం వంటి సంపూర్ణమైన రచనారూపం ఏదైనా సంవాదమే. విడి మాటలు, విడి వాక్యాలు కాక ఇటువంటి రూపాల ద్వారానే భాష ఒంటబడుతుందన్నది మూలభావన. బొమ్మ చూసి మాట్లాడడం, ఒంటరిగా చదవడం, జట్టులో చర్చించడం, ఎవరికి వారు రాసినదానిని జట్టులో పోల్చుకోవడం, చివరకు ఉపాధ్యాయుని ప్రతితో సరిచూసి వాక్యం, పదరూపం, వర్ణక్రమం అనే వరుసలో సవరించుకోవడం దీని అంచెలు. కాగితం మీద ఇంత చక్కని పద్ధతి మరొకటి లేదనిపిస్తుంది. కానీ పరీక్షలో అవే రూపాలు అడగడంతో గైడ్లు తయారుగా రాసిపెట్టిన డైరీలూ ఉత్తరాలూ అమ్మాయి. ఎవరి డైరీ అయినా అవే నాలుగు వాక్యాలతో మొదలవడం మూల్యాంకనం చేసేవారికి కొత్త కాదు. మంచి పద్ధతిని మింగేసే శక్తి పరీక్షకు ఎప్పుడూ ఉంటుంది.

ఇంగ్లీషును నేర్పడం వేరు, ఇంగ్లీషులో నేర్పడం వేరు. 2008-09లో సక్సెస్ పాఠశాలల పేరిట ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమ తరగతులు మొదలుకాగా, 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. జిమ్ కమిన్స్ చూపినట్లు, ఆటల్లో మాట్లాడే భాష త్వరగా పట్టుబడినా పాఠ్యవిషయాలను ఆలోచించగల భాషకు సంవత్సరాలు పడుతుంది. ఇంటిభాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషకు బదిలీ అవుతుంది. ఈ దృష్టితో చూస్తే, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు అచ్చైన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇటీవలి సంస్కరణలన్నిటిలోకీ వివేకవంతమైనవి. నేలల పాఠాన్ని తీసుకుంటే, చెల్కకూ రేగడికీ తేడా పాలమూరు రైతుబిడ్డకు కాళ్లకు తెలిసిన విషయం. చెల్కలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో, రేగడి ఎండితే ఎట్లా పగులుతుందో ముందు తన మాటల్లో చెప్పనిచ్చి, ఆ తరువాత 'రెడ్ సాయిల్', 'బ్లాక్ సాయిల్' అనే మాటలతో రెండు ఇంగ్లీషు వాక్యాలు కట్టించి, అప్పుడు పుస్తకం తెరిపిస్తే ఎదురు పేజీ ఆసరా అవుతుంది. మొదటే తెరిపిస్తే పిల్లల కన్ను తెలుగు పేజీ దాటి కదలదు. పైగా లంబాడీ పిల్లలకు ఎదురు పేజీలో ఉన్నది కూడా పరభాషే. వారికోసం మాటల పట్టికలైనా లంబాడీలో తయారు కావాలి.

పాలమూరు లేబరుగా దేశమంతటా పేరుపడిన వలస కుటుంబాల పిల్లల సమస్య వేరు. గుంపు మేస్త్రీల వెంట తల్లిదండ్రులు పుణె, ముంబయి వైపు వెళ్లినప్పుడు వారితో కదిలిన పిల్లలు విద్యాసంవత్సరం నడిమధ్యలో మాయమై మళ్లీ ప్రత్యక్షమయ్యేవారు. సాగునీటి ఎత్తిపోతల పథకాల తరువాత వలస తగ్గినా పూర్తిగా ఆగలేదు. ఒక మెట్టు మీద మరో మెట్టుగా పేర్చిన నిర్మాణాత్మక పాఠ్యక్రమంలో మూడు నెలలు తప్పిపోయిన పిల్లవాడికి తిరిగి చేరే చోటు దొరకదు. ప్రభు తరహా పనులు చాలావరకు దేనికది స్వతంత్రం కాబట్టి, తిరిగివచ్చిన రోజు జరిగే పాఠంలోనే అతడు పాలుపంచుకోవచ్చు. పుణెలో విన్న మరాఠీ, హిందీ, నిర్మాణస్థలాల మీది 'సిమెంట్', 'సెంట్రింగ్', 'షిఫ్ట్' వంటి మాటలు కూడా అక్కడ పనికివస్తాయి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో రెండు మూడు తరగతులను ఒకేచోట కూర్చోబెట్టి చెప్పేవారికి సైతం ఇటువంటి పనులే అనువైనవి, ఎందుకంటే ఒకే ఊరిపటాన్ని చూసి రెండో తరగతి పిల్లలు ఇళ్లూ చెట్లూ పేర్లు చెబుతుంటే, ఐదో తరగతి వారు బడి నుంచి బస్టాండుకు దారి ఎట్లాగో రాయగలరు.