గాయం లేకుండానే గడ్డలు!

మోకాలు గీరుకుని రక్తం వస్తే కొద్ది నిమిషాలలో దానంతట అదే ఆగిపోతుంది. ఎలా ఆగుతుంది? గాయం వద్ద రక్తఫలకికలు గుమిగూడతాయి. రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజన్ అనే ప్రోటీను, కరగని ఫైబ్రిన్ దారాలుగా మారి వలలా అల్లుకుంటుంది. రక్తం గడ్డకట్టి రంధ్రం మూసుకుంటుంది. కుక్కలోనూ ఇదే ఏర్పాటు. దాని రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు సుమారు 2 నుంచి 5 లక్షల ఫలకికలుంటాయి.

ప్రాణం కాపాడే ఈ ఏర్పాటే ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. వడదెబ్బనే తీసుకోండి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే అది చల్లబడే ముఖ్యమైన మార్గం. మండుటెండలో కట్టేసిన కుక్కకు అది చాలదు. మామూలుగా 38-39 డిగ్రీల సెల్సియస్ ఉండే ఒంటివేడి 41 దాటితే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అంటే ఒళ్ళంతా గాయమైనట్లే! సూక్ష్మనాళాలలో ఎక్కడికక్కడ చిన్న గడ్డలు ఏర్పడతాయి. ఫలకికలు, ఫైబ్రినోజన్ వాటికే ఖర్చయిపోతాయి. ఇక అవసరమైన చోట గడ్డకట్టడానికి సరుకు మిగలదు. ఒకచోట గడ్డలు, మరొకచోట రక్తస్రావం! వైద్యులు దీనిని డి.ఐ.సి. అంటారు. తీవ్రమైన అంటురోగాలలోనూ, కొన్ని క్యాన్సర్లలోనూ ఇది వస్తుంది.

ఇందులో మెదడుకు వచ్చే ముప్పు ప్రత్యేకమైనది. చర్మం కింద రక్తం చేరితే చర్మం ఉబ్బి చోటిస్తుంది. కపాలం ఎముక పెట్టె, అది ఉబ్బదు. అందుచేత లోపల కారిన కొద్దిపాటి రక్తమే మెదడును నొక్కివేస్తుంది. నాళంలో గడ్డ అడ్డుపడితే ఆ భాగానికి ఆక్సిజన్ అందదు. చిన్నమెదడు దెబ్బతింటే కుక్క తూలుతుంది. పెద్దమెదడు దెబ్బతింటే మూర్ఛలు వస్తాయి, చూపు పోవచ్చు. మెదడు కాండం దెబ్బతింటే శ్వాసే ఆగిపోవచ్చు. దీనికితోడు, అధిక వేడిమి మెదడు కణాలను నేరుగా కూడా పాడుచేస్తుంది.

మరి మీరేం చేయాలి? వడదెబ్బ తగిలిన కుక్కను వెంటనే నీడకు చేర్చండి. ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయవద్దు. తరువాత పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. లేచి తిరుగుతోంది కదా అని ఊరుకోకూడదు. డి.ఐ.సి. కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మర్నాడు కూడా బయటపడవచ్చు. చిగుళ్ళ మీద, పొట్ట మీద ఎర్రని చుక్కలు, ముక్కునుంచి రక్తం, నల్లని విరేచనం దాని గుర్తులు. వైద్యుడు రక్తపరీక్ష చేసి, అవసరమైతే మరో కుక్క రక్తంలోని ప్లాస్మాను ఎక్కించి, ఖర్చయిపోయిన సరుకును తిరిగి సమకూరుస్తారు.

అన్నిటికన్నా తేలికైన వైద్యం మీ చేతిలోనే ఉంది. ఎండాకాలంలో దానికింత నీడ, ఒక గిన్నెడు నీళ్ళు!