ఉప్పును మోసే ప్రోటీన్లు: కప్ప నుంచి ఎడారి ఎలుక దాకా

మనిషి మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో కరిగి ఉన్న సోడియాన్ని మామూలు ఉప్పుగా లెక్కగడితే కిలోన్నరకు దగ్గరగా తూగుతుంది. మూత్రంలో బయటికి పోయేది మాత్రం తిన్న ఆహారాన్ని బట్టి కొన్ని గ్రాములే. మూత్రపిండాన్ని జల్లెడగా వర్ణించే అలవాటు అందుకే సగం నిజమే చెబుతుంది: వడకట్టడానికి గుండె కల్పించే ఒత్తిడి సరిపోతుంది గానీ, వడకట్టిన ఉప్పును తిరిగి రక్తంలోకి రాబట్టడానికే మూత్రపిండం తన శక్తిలో అధికభాగాన్ని వెచ్చిస్తుంది. ఈ పని చేసేవి నెఫ్రాన్లు అనే సన్నని నాళికల గోడల్లోని కణాలు, ఆ కణాల పొరల్లో ఇమిడి ఉండే వాహక ప్రోటీన్లు.

నాళిక గోడలోని కణానికి మూత్రం వైపు ఒక ముఖం, రక్తం వైపు మరొక ముఖం ఉంటాయి. రక్తం వైపు ముఖంలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని వెల్లడించి, 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నారు. ఈ పంపు ఏటీపీ అనే శక్తి అణువును ఖర్చు చేస్తూ మూడు సోడియం అయాన్లను కణం నుంచి బయటికి గెంటి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దానివల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉండి, బయటి సోడియం లోపలికి చొరబడటానికి ఒత్తిడి చేస్తూ ఉంటుంది. మిగిలిన వాహకాలు తాము ఏటీపీని ఖర్చు చేయకుండానే ఆ ఒత్తిడి మీద ఆధారపడి పనిచేస్తాయి.

అలాంటి వాటిలో ముఖ్యమైనది ఎన్‌కేసీసీ2 అనే సహవాహకం, అంటే రెండు మూడు రకాల అయాన్లను జంటకట్టి ఒకే దిశలో మోసే ప్రోటీన్. ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్లు తమ తమ చోట్ల కుదురుకుంటే గాని, నాలుగు సీట్లూ నిండని షేర్ ఆటోలాగా, ఇది కదలదు. క్షీరదాల్లో ఇది నెఫ్రాన్ కిందికి దిగి మళ్లీ పైకి మలుపు తిరిగే హెన్లీ శిక్యంలో, పైకెక్కే మందపాటి భాగంలో, మూత్రం వైపు ముఖంలో ఉండి, వడకట్టిన ఉప్పులో దాదాపు నాలుగోవంతును వెనక్కి తెస్తుంది. ఆ భాగపు గోడ నీటిని దాటనివ్వదు కాబట్టి ఉప్పు వెళ్లిపోయి, నాళికలో నీరు మిగిలిపోతుంది.

ఆసక్తికరమైన చిక్కు ఇక్కడే ఉంది. హెన్లీ శిక్యం లేని కప్పలోనూ ఇదే రకం రవాణా, ఎన్‌కేసీసీ2ను ఆపే ఫ్యూరోసెమైడ్ మందుకే లొంగే రవాణా, నాళిక చివరి భాగంలో జరుగుతుంది; చర్మం గుండా నిత్యం నీరు లోపలికి చేరే మంచినీటి జీవికి ఉప్పును దాచుకుని నీటిని పారబోయడమే అవసరం కాబట్టి, దాని మూత్రం పలచబడుతుంది. క్షీరదాల్లోనైతే ఆ వెనక్కి వచ్చిన ఉప్పు, పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో సాగే నాళికల అమరిక వల్ల, మూత్రపిండం లోపలి పొరలో పేరుకుని, ఆ పొర గుండా దిగే సేకరణ నాళంలోని నీటిని బయటికి లాగుతుంది. పలచబరిచే ప్రోటీనే చిక్కబరిచే యంత్రాంగానికి మూలమైంది. మనిషి మూత్రపు గాఢత గరిష్ఠంగా కిలోకు 1200 మిల్లీఆస్మోల్‌ల దగ్గర ఆగిపోగా, ఆస్ట్రేలియా ఎడారిలో గెంతుతూ తిరిగే ఒక చిన్న ఎలుకలో అది 9000 దాటుతుంది.

సొరచేప మూత్రపిండానికి రక్తంకంటే ఉప్పగా మూత్రం తయారుచేసే శక్తి లేదు. ఆ లోటును పురీషనాళం దగ్గరున్న గ్రంథి తీరుస్తుంది. అక్కడ ఎన్‌కేసీసీ2కు దగ్గరి బంధువైన ఎన్‌కేసీసీ1 రక్తం వైపు ముఖంలో ఉండి, రక్తంలోని క్లోరైడును కణంలోకి లాగుతుంది. ఆ క్లోరైడు అవతలి ముఖంలోని ద్వారం గుండా గ్రంథి నాళంలోకి పోతుంటే, కణాల మధ్య సందుల నుంచి సోడియం వెంబడిస్తుంది. స్రావంలో ఉప్పు రక్తంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. పంపు రెండు చోట్లా రక్తం వైపే ఉంది; సహవాహకం మాత్రం ముఖం మార్చింది, దానితో రవాణా దిశే తిరగబడింది.

మరో బంధువు ఎన్‌సీసీ పొటాషియం ప్రమేయం లేకుండా సోడియాన్నీ క్లోరైడునూ మోస్తుంది. రక్తపోటుకు వాడే థయజైడ్ మందులు 1950ల చివరి నుంచి వాడుకలో ఉన్నా, అవి అడ్డుకునే ఈ ప్రోటీన్ 1993 దాకా గుర్తింపుకు రాలేదు. గెరార్డో గాంబా, స్టీవెన్ హెబర్ట్ బృందం దాన్ని మనిషిలో కాక, వింటర్ ఫ్లౌండర్ అనే చదునైన సముద్రపు చేప మూత్రాశయంలో పట్టుకుంది. ఉప్పునీటిని తాగి బతికే ఆ చేప మూత్రాశయంలోంచి ఉప్పును వెనక్కి తీసుకుంటుంది, వెంట నీరు కూడా వస్తుంది; వచ్చిన ఉప్పును మొప్పలు బయటికి పంపేస్తాయి, దక్కిన నీరే లాభం. ఆ మూత్రాశయపు సందేశక ఆర్‌ఎన్‌ఏను కప్ప అండకణాల్లోకి ఎక్కించి, థయజైడ్‌కు ఆగిపోయే సోడియం రవాణా ఎక్కడ మొదలైందో చూస్తూ జన్యువును వెలికితీశారు.

మనుషుల్లో ఎన్‌కేసీసీ2 జన్యులోపం బార్టర్ వ్యాధిలో ఒక రకానికి, ఎన్‌సీసీ లోపం గిటెల్మన్ వ్యాధికి కారణమని 1996లో తేలింది. రెంటిలోనూ ఉప్పు మూత్రంలో పోతుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది. ఎన్‌కేసీసీ2ను ఆపే ఫ్యూరోసెమైడ్‌ను, ఎన్‌సీసీని ఆపే థయజైడ్‌లను దీర్ఘకాలం వాడినవారిలోనూ ఇవే మార్పులు కనిపించగలవు కాబట్టి, ఈ వ్యాధులను నిర్ధారించే ముందు ఆ మందుల జాడ కోసం మూత్రాన్ని పరీక్షించడం వైద్యుల ఆనవాయితీ.