పూతకాలంలో పచ్చిమామిడి వాసన

పుష్యమాసం. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు వెళ్తుంటే దారి పొడవునా మామిడి తోటలు పూత మీద ఉంటాయి. రైతుకి నిద్రపట్టని రోజులివి. మంచు ఎక్కువైందా, తేనెమంచు పురుగు పట్టిందా, పిందె నిలుస్తుందా అని రోజూ కొమ్మల వంక చూడటమే పని. చిన్నరసం నోటికి అందాలంటే ఇంకా మూడు నెలల పైమాటే. సరిగ్గా అలాంటి రోజున, కూరగాయల బజారులో పరిచిన గోనెపట్టా దగ్గర పచ్చిమామిడి కోసినట్టు గుప్పుమని వాసన వచ్చింది. చూస్తే ఒక్క కాయ లేదు. మట్టి వదలని దుంపలు రెండు కుప్పలు.

"అల్లం ఎంతమ్మా?"

"ఆ కుప్ప అల్లం. ఇది మామిడల్లం బాబూ, గిల్లి చూడు," అంది పెద్దావిడ.

గిల్లాను. పైన అల్లం లాగే కణుపులు, పొలుసుల తోలు. లోపల మాత్రం వెన్నలో చిటికెడు పసుపు కలిపిన రంగు. గోరు దిగినచోట నీరూరింది, వేళ్లనిండా మామిడికాయ. రెండూ కొని ఒకే సంచిలో వేయించుకున్నాను. మర్నాడు పొద్దున్నే కళ్లు నలుపుకుంటూ టీలోకి దంచి వేసింది మామిడల్లాన్నే. ఆ టీ ఇంట్లో ఎవరూ తాగలేదు.

పేరు అల్లమే గాని ఇది పసుపుకి తోబుట్టువు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కుర్కుమా అమాడా. అమాడా అంటే లాటిన్ అనుకునేరు, బెంగాలీ వాళ్ల 'ఆమ్ ఆదా'యే అది. అంటే మామిడల్లమే. ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో కంపెనీ వారి తోట చూసుకుని, 1793లో కలకత్తా తోటకి వెళ్లినాయన. మన వైద్యులు అంతకుముందే ఆమ్రగంధి హరిద్ర అన్నారు, మామిడి వాసన పసుపు అని.

మామిడేమో జీడి, జీడిమామిడి కుటుంబానిది. ఈ దుంప, పసుపు లాగే, అల్లం కుటుంబానిది. చుట్టరికం ఏమీ లేదు. మరి వాసన ఎలా కలిసింది? మొక్కలన్నిటి దగ్గరా ఐదు కార్బన్ పరమాణువుల ముక్క ఒకటుంటుంది. అలాంటివి రెండు అతికితే పది కార్బన్ల గొలుసు. దాన్ని ఏ ఎంజైము ఎలా వంచితే అలాంటి వాసన. ఒకలా వంచితే నిమ్మతొక్క, ఇంకోలా వంచితే కర్పూరం. మామిడల్లం నూనెలో పెద్ద వాటా మిర్సీన్‌ది. దాని వెంట ఆసిమీన్ కూడా ఉంటుంది. మామిడికాయలోనూ ఈ జాతి పదార్థాలే, ఒక్కో రకంలో ఒక్కో పాళ్లలో. అందుకే కళ్లు మూసుకున్నా రసానికీ కలెక్టరు మామిడికీ తేడా తెలిసిపోతుంది. వంశం వేరైనా ఇద్దరికీ ఒకే కూర్పు చేతికొచ్చింది.

ఒక్క విషయంలో దుంపే మేలు. మామిడి తొడిమ తుంచగానే చిమ్మే సొనలో రెసార్సినాల్ జాతి పదార్థాలుంటాయి. కాయని బూజు నుంచి కాపాడే ఆ కాపలాదారే మన పెదవుల్ని పొక్కిస్తుంది. మామిడల్లానికి ఆ సొన బెడద లేదు. అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ మంట కూడా ఇందులో లేదు, పసుపులోని కుర్కుమిన్ మాత్రం కాస్తంత ఉంది.

ఆకలి పుట్టిస్తుందని, కడుపుబ్బరం తీస్తుందని తినిపించడం, దెబ్బలకీ బెణుకులకీ నూరి పట్టు వేయడం పాతకాలం నుంచీ ఉన్నదే. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారు ఈ దుంపలోంచి డైఫ్యూరోక్యుమెనోనాల్ అనే పదార్థాన్ని విడదీసి, అది బాక్టీరియాని అణచగలదని 2007లో ప్రకటించారు. పేరు పలికేలోపు పచ్చడి నూరేయొచ్చు. ప్రయోగశాల పళ్లెంలో చచ్చిన సూక్ష్మజీవి మన ఒంట్లోనూ చస్తుందని దానర్థం కాదు. మందుబిళ్ల మానేసి దీన్ని నమలమంటే నేను ఒప్పుకోను. పచ్చడిగా తినమంటే వద్దనను.

ఆ పచ్చడికి ఎండుమిర్చి, మినప్పప్పు, ఆవాలు వేయించాలి. చింతపండు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. రోట్లో ఇవన్నీ మెదిగాకే మామిడల్లం ముక్కలు పచ్చివి వేసి కచ్చాపచ్చాగా తొక్కాలి. మిర్సీన్ గాలికి ఎగిరిపోయే రకం. బాణలిలో వేయించామా, వాసన వీధిలోకి, పిప్పి మన కంచంలోకి.

వేసవిలో, తోటల్లో కాయ బరువెక్కేవేళకి, ఈ మొక్క ఆకులు రాలిపోయి దుంప నేలలో నిద్రపోతుంటుంది. మొలక కన్నున్న ముక్క ఒకటి పెరటి కుండీలో పెట్టి మరిచిపోయాను. మృగశిర కార్తె వానకి, ఊళ్లో చివరి రసాలు చెట్టు దిగుతున్న వారంలోనే, కుండీలో చూపుడువేలంత ఆకుపచ్చ మొన పైకొచ్చింది.