దద్దురు ఎంతసేపుంది, ఎక్కడ లేచింది?

ఒళ్లు దురద పెట్టగానే మన ఇళ్లలో మొదటి నింద వంకాయ మీద పడుతుంది, ఆ తర్వాత గోంగూర మీద. పథ్యంతో తగ్గకపోతే మెడికల్ షాపుకు వెళ్లి ‘దురదకు ఏదైనా ట్యూబ్ ఇవ్వు’ అంటాం. ఈ రెండూ చేసేముందు గమనించాల్సినవి ఉన్నాయి. లేచిన దద్దురు ఎంతసేపు ఉంటోంది? ఒంటి మీద ఏ చోట వచ్చింది? అలర్జీ గుట్టు చాలావరకు ఈ రెండు ప్రశ్నల్లోనే బయటపడుతుంది.

పొద్దున చేతి మీద దోమ కుట్టినట్టు ఉబ్బి, మధ్యాహ్నానికి మచ్చైనా లేకుండా పోయి, సాయంత్రం నడుం మీద లేస్తే అది అర్టికేరియా. ఇందులో ఏ ఒక్క దద్దురూ సాధారణంగా 24 గంటలు నిలవదు. చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదలడం వల్ల వచ్చే వాపు ఇది. వైరస్ జ్వరాలు, నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, కొందరికి రొయ్యలు, వేరుశనగలు దీన్ని రేపుతాయి. సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి మాత్రలతో చాలామందికి తగ్గుతుంది. సెట్రిజిన్‌తో మత్తు రావచ్చు, వేసుకుని బండి నడపకండి.

ఆరు వారాలు దాటినా దద్దుర్లు వస్తూనే ఉంటే చాలామందిలో బయటి కారణమేదీ ఉండదు. సొంత రోగనిరోధక వ్యవస్థే ఆ మాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది. అలాంటివాళ్లు కూరలన్నీ మానేసి చిక్కిపోతారే తప్ప దద్దుర్లు పోవు. వందరకాల పదార్థాలకు ఒకేసారి చేసే రక్తపరీక్షకు డబ్బు పోయడమూ నా దృష్టిలో దండగే. ఒక పదార్థానికి ‘పాజిటివ్’ వచ్చినంత మాత్రాన అది మీకు పడదని కాదు. తిన్నప్పుడల్లా వస్తోందా అన్నదే అసలు సాక్ష్యం.

రెండో రకం, తాకిడి అలర్జీ. ఇది తాపీగా వస్తుంది. వస్తువు తగిలిన ఒకటి రెండు రోజులకు చర్మం ఎర్రబడి, నీటిపొక్కులు లేచి, రసి కారి, తర్వాత పొలుసులుగా రాలుతుంది. వచ్చిన చోటే రోజుల తరబడి ఉంటుంది. చెవి తమ్మెలు, మెడ, మణికట్టు, ప్యాంటు గుండీ కింద బొడ్డు దగ్గర వస్తే అనుమానించాల్సింది నికెల్‌ను. గిల్టు నగల్లో ఉండేది ఇదే. మేస్త్రీల చేతులకు సిమెంటులోని క్రోమియం, పలాస జీడి కార్మికుల చేతులకు పెంకులోని జీడి రసం. ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు కలిపి కందిపోయిన రైతుకు పొలం గట్టు మీది వయ్యారిభామ కలుపు మొక్క. బొట్టుబిళ్ల జిగురుతో దురదే కాదు, నుదుట తెల్లమచ్చ కూడా రావచ్చు. గోళ్ల రంగు అలర్జీ వేళ్లను వదిలేసి రెప్పల మీద తేలడం ఇంకో వింత.

తలకు రంగు వేస్తే నుదురు, చెవులు, మెడ దురదపెట్టి రెప్పలు వాచాయంటే కారణం ఎక్కువగా అందులోని పిపిడి అనే రసాయనం. ‘ఇన్నేళ్లుగా అదే కంపెనీ రంగు వేస్తున్నా, ఇప్పుడెందుకొస్తుంది?’ అని అడుగుతారు. అలర్జీ నడిచే తీరే అంత. శరీరం ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది, ఒకసారి గుర్తుపెట్టుకుంటే మాత్రం మరచిపోదు. కారణం తేలకపోతే చర్మవైద్యులు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి, 48 గంటలకు ఒకసారి, మరో ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. కంద కోస్తే చేతులు దురదపెట్టడం మాత్రం అలర్జీ కాదు. అందులోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఎవరినైనా గుచ్చుతాయి.

తాకిడి అలర్జీకి సగం వైద్యం ఆ వస్తువును దూరం పెట్టడమే. మిగతా సగం డాక్టరు రాసిన స్టెరాయిడ్ పూత, చెప్పినన్ని రోజులే. అసలు చిక్కు షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబ్‌తోనే. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. గుండ్రంగా, అంచు పొలుసుతో పాకేది తామర. అది అలర్జీ కాదు, ఫంగస్. దానికి ఈ ట్యూబ్‌లోని స్టెరాయిడ్ రాస్తే దురద చల్లారినట్టుండి ఫంగస్ లోలోపల విస్తరిస్తుంది, డాక్టరు కూడా పోల్చుకోలేనట్టు రూపం మారుతుంది. ముఖానికి రోజూ రాస్తే చర్మం పలుచబడి, మొటిమలు లేస్తాయి. 2018లో కేంద్రం ఇలాంటి పలు స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అయినా చీటీ లేకుండానే చేతికందుతున్నాయి. ఇక రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంట్లో మరొకరికీ అదే బాధ ఉంటే అది గజ్జి. ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోవాలి.

దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచినా, గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మాత్ర వేసి చూద్దామని ఆగవద్దు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయండి.