లినక్సు ఫోనులును, ఇంటర్నెట్టు పలకలును

పలక యను మాట మన విద్యార్థులకు క్రొత్తది కాదు. అక్షరాభ్యాసమునాడు చేతికిచ్చునది పలకయే. నేడు అంగళ్ళలో అమ్ముచున్న చదునైన కంప్యూటరునకును ఇంగ్లీషువారు అదే యర్థము గల పేరు పెట్టి, టాబ్లెట్టనుచున్నారు. టాబ్లెట్టునకును, స్మార్టు ఫోనునకును గల భేదము పరిమాణమొక్కటియే యని పలువురి తలంపు. ఇరువది యేండ్లకు పూర్వము సంగతి యిట్లుండలేదు. అప్పుడు లినక్సు అను ఒక్క పునాదిమీదనే రెండు వేర్వేఱు పనిముట్లు పుట్టినవి: ఒకటి ఫోను కాని పలక, మఱియొకటి తాళము లేని ఫోను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, మనము సొమ్మిచ్చి కొన్న యంత్రమునకు నిజముగా యజమానులెవ్వరను ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

లినక్సు అనగా నేమో ముందు చెప్పవలసియున్నది. కంప్యూటరు భాగములన్నిటిని నడపుటకు ఒక మూల ప్రోగ్రాము వలయును. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశమునందలి హెల్సింకి విశ్వవిద్యాలయములో విద్యార్థిగానున్న లైనస్ టోర్వాల్డ్స్ అట్టిదానిని వ్రాసి, దాని మూలప్రతిని లోకమునకు పంచిపెట్టెను. వండిన కూరను గిన్నెలో పెట్టి యిచ్చుట వేఱు. వండిన విధమును కాగితముపై వ్రాసి యిచ్చుట వేఱు. రెండవదానిని పొందినవాడు ఉప్పు తగ్గించుకొనవచ్చును, పులుపు హెచ్చించుకొనవచ్చును, పొరుగింటివారికిని నేర్పవచ్చును. లినక్సు రెండవ రకమునకు చెందినది.

ఆ ఫిన్లాండు దేశపు కంపెనీయే యైన నోకియా 2005 నవంబరులో 770 అను పలకను విక్రయమునకు తెచ్చెను. తెర నాలుగంగుళములకు కొంచెము మించినది; బరువు సుమారు 230 గ్రాములు. తెరను కాపాడుటకు లోహపు మూత, మీటుటకు పుల్లవంటి కలము కలవు. వై-ఫై వలన గాని, జేబులోని ఫోనుతో బ్లూటూతు ద్వారా కలిసి గాని అది ఇంటర్నెట్టును చేరును. చేసినది ఫోనుల కంపెనీ; అయినను దానికి సిమ్ కార్డు పెట్టుటకు తావే లేదు! ఇది లోపమని తోచును గాని, దాని మేలంతయు నందే యున్నదని నా యభిప్రాయము. 2007లో దాని తమ్ములు రెండు వచ్చినవి: జనవరిలో ఎన్ 800, ఆ సంవత్సరాంతమున, జారుడు అక్షరపు మీటలతోను, స్థలము తెలుపు జీ.పి.యస్.తోను ఎన్ 810.

అదే కాలమున తైవాను ద్వీపమునందలి ఫస్ట్ ఇంటర్నేషనల్ కంప్యూటర్ కంపెనీవారు ఓపెన్‌మోకో అను పేర వేఱొక సాహసమునకు పూనిరి. 2007 జులైలో వెలువడిన వారి మొదటి ఫోను పేరు నియో 1973. మార్టిన్ కూపర్ అను ఇంజనీరు న్యూయార్కు వీధిలో నిలిచి చేతిఫోనులో మొట్టమొదట మాటలాడినది 1973 ఏప్రిల్ 3వ తేదీన. ఆ యేటి జ్ఞాపకమే యీ పేరు. తెర 2.8 అంగుళములు. కెమెరా లేదు, వై-ఫైయు లేదు. ప్రోగ్రాములు వ్రాయువారికై యమ్మిన పెట్టెలో మాత్రమొక వింత యుండెను. సామాన్యముగా కంపెనీలు వస్తువుమీద ‘విప్పరాదు’ అని చీటీ యంటింతురు. వీరు విప్పుటకై స్క్రూడ్రైవరును, పెంకు నూడదీయుటకు గిటారు మీటు బిళ్ళనుగూడ జతచేసి పంపిరి. 2008లో వై-ఫై చేర్చి, ఫ్రీరన్నర్ అను రెండవ ఫోనును 399 డాలర్లకు అమ్మిరి. దాని పెంకు కొలతలను, లోపలి తీగల పటములనుగూడ ప్రకటించిరి. ఇంతటి ఔదార్యమును ఏ ఫోను కంపెనీయు నంతకుముందు చూపియుండలేదు.

అయినను ఫోనుగా నది తడబడెను. అవతలివారికి తమ మాటయే మారుమ్రోగుట, జుమ్మను రొద, బ్యాటరీ త్వరగా తఱుగుట మొదలగు ఫిర్యాదులు వచ్చినవి. 2009లో తరువాతి ఫోను నిర్మాణమును కంపెనీవారు ఆపివేసిరి. పలకకు లేని యీ కష్టము ఫోనుకే యేల వచ్చెను?

ఇది కొంచెము నిదానముగా చూడదగిన విషయము. జీ.యస్.యమ్. పద్ధతిలో ఒక్కొక్క రేడియో త్రోవను ఎనిమిదిమంది పంచుకొందురు. ఒక్కొక్కరి వంతు సెకండులో పదిలక్షవ భాగములు 577 మాత్రమే. ఒక్క నల్లబల్లమీద ఎనిమిదిమంది బాలురు వరుసగా వ్రాయవలసి వచ్చినట్లు, ప్రతి ఫోనును తన వంతు రాగానే పలికి, తప్పుకొనవలెను. ఆలస్యమైనచో ప్రక్కవాని మాట చెడును. అందుచేత ఈ పనిని ప్రధానమైన కంప్యూటరునకు అప్పగింపక, మోడెము అను వేఱొక చిన్న కంప్యూటరునకు అప్పగింతురు. దానికి సొంత ప్రోగ్రాము కలదు. రేడియో తరంగములపై ప్రభుత్వముల నియమములు కఠినములు గనుక, దానిని పరీక్షింపించి అనుమతి పొందవలెను. నియోలోని మోడెము టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారిది. దాని మూలప్రతి రహస్యము. లినక్సు చేయగలిగినదల్ల ఒక తీగమీద చిన్న చిన్న ఆజ్ఞలు పంపి, ప్రత్యుత్తరమునకై కాచుకొనియుండుటయే. ఇల్లంతయు తెఱచి చూపి, వంటగదికి మాత్రము తాళము వేసినట్లాయెను. పైగా ఫోను ఎప్పుడును మేలుకొని, ఎవరు పిలుతురోయని చెవియొగ్గి యుండవలెను. పలకకా బాధ లేదు. దానిని మూసి బల్లమీద పెట్టిన నిశ్చింతగా నిద్రించును.

అట్లని పలక పూర్తిగా తాళము లేనిది కాదు. నోకియా 770లో వై-ఫైని నడపు ప్రోగ్రాములో కొంత భాగమును, బ్యాటరీ నింపు ప్రోగ్రామును కంపెనీవారు రహస్యముగానే యుంచిరి. తరువాత వచ్చిన మార్పులను 770కు యథావిధిగా నియ్యక, పూచీ లేని ప్రతులను మాత్రము విడిచిరి. ఎన్ 810 కొన్నవారికి అయిదవ మేమో దక్కనే లేదు. మేమో యనునది యీ పలకలలోని లినక్సునకు పేరు.

ఇక మన భాషకు సంబంధించిన మాట యొకటి. ఆండ్రాయిడు ఫోనులు 2008లో వెలువడినవి. వానిలోపల నున్నదియు లినక్సే. కాని తొలి సంవత్సరములలో వానిపై తెలుగు తెఱచిన అక్షరములకు మారుగా ఖాళీ గళ్ళు కనబడుచుండెను. ఫోను కొన్నవారికి సర్వాధికారపు తాళపుచెవి యియ్యలేదు గనుక, సామాన్యులు కంపెనీ దయ కొఱకు కాచుకొనవలసి వచ్చెను. ఆ 2008లోనే ఫ్రీరన్నరుపై డెబియన్ అను లినక్సును వేసికొన్నవాడు, అందులోని తెలుగు అక్షరములను తానే చేర్చుకొనవచ్చును. ఎవరిని అడుగవలసిన పని లేదు. గుణింతములు, వత్తులు సరిగా నమర్చు ప్రోగ్రాములను స్వచ్ఛందముగా పనిచేయువారు అప్పటికే వ్రాసియుంచిరి. లినక్సు తెరలపై కనబడు మాటలను తెలుగులోనికి తెచ్చినవారిలోను విద్యార్థులు, ఉద్యోగులు, జీతము పుచ్చుకొననివారు కలరు. లినక్సు ఒకటే యైనను తాళపుచెవి యెవరి చేతనున్నదను దానినిబట్టి ఫలము మారినది.

నోకియావారు 2009 నవంబరులో ఎన్ 900 తెచ్చి, పలకను ఫోనుతో నేకము చేసిరి. 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తియు, 32 గిగాబైట్ల నిలువయు గల ఆ యంత్రము ఫోనుగా బాగుగనే పనిచేసెను. అందును మోడెము రహస్యమే. 2011లో కంపెనీవారు విండోసువైపు మఱలిరి. 2020లో పైన్64 వారి పైన్‌ఫోను సుమారు 150 డాలర్లకు వచ్చెను. వెనుక మూత తీసిన, మోడెమును, మైకును, కెమెరాలను వేర్వేఱుగా ఆర్పు ఆఱు మీటలుండును. వినోదమేమన, దానిలోని మోడెములోపల మరల నొక లినక్సు కలదు! ఔత్సాహికులు దానినిగూడ తెఱచి, మార్చి వ్రాసిరి. దాని లోపల రేడియో భాగమొకటి యింకను మూసియే యున్నది.

తలిదండ్రులు కొనదగినదేదని యడుగుదురేమో. అర్ధరాత్రమున వైద్యుని పిలువవలసి వచ్చినప్పుడు ప్రయోగములు పనికిరావు. ఇంటికి ఒక్కటియే ఫోను గలవారు తాళము లేని ఫోను జోలికి పోకుండుటయే మేలు. నేర్చుకొనగోరు బాలునికి పలక చాలును. చెడిపోయినను మరల మొదటినుండి వేసికొనవచ్చును; ఇంటిలోని యెవరి పిలుపును నిలిచిపోదు. ఫ్రీరన్నరును విప్పి చూచినవాడు పలక నేర్పని విషయమొకటి నేర్చును: తాళమెక్కడ నున్నదో కంటితో చూచును.

ఆ తైవాను ఫోనునకు నోకియావారి బీ.యల్.-5సీ బ్యాటరీ సరిపోవును. మన బజారులలో చిన్న రేడియోలకును, ప్రాత నోకియా ఫోనులకును అమ్మునది యదియే. ఎన్ 900 బ్యాటరీయు మూత తీసి మార్చుకొనదగినదే. మేమో లెస్తె అను పేర ఔత్సాహికులు దానికి క్రొత్త లినక్సును సిద్ధపఱచి యిచ్చుచున్నారు.